షరీఅత్, తరీఖత్‌ల సంగమం: మౌలానా అన్వారుల్లా ఫారూఖీ జీవితం

నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా ఉన్నది. ఏటా మొహర్రం మాసంలో అక్కడ జరిగే రొట్టెల పండుగకు మతభేదం లేకుండా లక్షలాది జనం వస్తారు. చెరువు నీటిలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టెను ఇస్తారు. కోరిక గలవారు దానిని పుచ్చుకుంటారు. కసుమూరులోని కాలేషా మస్తాన్‌వలీ దర్గా, అనుమసముద్రంపేటలోని ఖ్వాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా మన జిల్లాలో తెలియనివారు లేరు. సముద్రతీరపు పల్లెల నుండి సైతం మొక్కుబడులు చెల్లించుకొనడానికి జనం ఈ స్థలాలకు తరలి వెళ్తారు.

ఇదే జిల్లాలో మసీదులున్నవి, మదరసాలున్నవి, ఖురాను, హదీసు, ధర్మశాస్త్రం నేర్చిన మౌల్వీలున్నారు. దర్గాకు వెళ్లేవారు, మదరసాలో చదివేవారు తరచు ఒకే ఇంటివారై ఉంటారు. ఒక ఇంట తల్లి ఉర్సుకు పోదామంటే, చదువుకొని వచ్చిన కుమారుడు అది తగదని అడ్డుపడతాడు. మరొక ఇంట తండ్రి తమకు పీర్ గారి మాట చాలునని, మౌల్వీ సాబు చెప్పే మసలాలతో పని లేదని అంటాడు. భక్తి గలవారికి శాస్త్రం పొడిగా కనిపిస్తుంది. శాస్త్రం చదివినవారికి భక్తి కట్టు తెంచుకున్నట్లు కనిపిస్తుంది. ఈ తగవులో ఇంటి వాతావరణమే కలుషితమవడం మనం చూస్తూనే ఉన్నాము.

నిజానికి ఇస్లాంలో పౌరోహిత్యం లేదు. నమాజు చదివించే ఇమాము మనలో ఒకడే. దైవానికి, దాసునికి నడుమ నిలిచి పాపాలు క్షమించే అధికారం ఏ మానవునికీ లేదు. అట్లయితే పండితుల అవసరమేమి? ప్రతివాడు తన హృదయాన్ని అనుసరించి పోరాదా? పోతే దారి తప్పడా? ఒకవేళ పండితులు అవసరమే అయితే, వారి చదువు వారి హృదయాలను మార్చిందని మనకెట్లు తెలియవలెను? ఈ ప్రశ్నలకు వాదాలతో సమాధానం చెప్పడం మాకు చేతకాదు. ఒక జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచడం మాత్రం మాకు సాధ్యం. అది హైదరాబాదులోని జామియా నిజామియా స్థాపకులు, ఇద్దరు నిజాములకు గురువులు అయిన మౌలానా ముహమ్మద్ అన్వారుల్లా ఫారూఖీ గారి జీవితం. ఉర్దూ చదివే మిత్రులకు ఈ పేరు కొత్త కాదు. తెలుగు మాత్రమే చదివే మిత్రులకు వారిని పరిచయం చేయడమే మా ఉద్దేశం.

హైదరాబాదు పెద్దల కథ నెల్లూరు కళాశాల సంచికలో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. వారిని తీర్చిదిద్దిన రెండు ప్రవాహాలూ ఒకప్పుడు మన ప్రాంతాన్ని తాకినవే. మొదటిది పాండిత్య ప్రవాహం. 1801లో ఇంగ్లీషు కంపెనీ వశమయ్యేవరకు నెల్లూరు సీమ ఆర్కాటు నవాబుల ఏలుబడిలో ఉండేది. ఆ నవాబులలో ముహమ్మద్ అలీ వాలాజా గారు ఉత్తరదేశం నుండి మౌలానా అబ్దుల్ అలీ గారిని మద్రాసుకు రప్పించి గౌరవించారు. విద్యాసాగరుడనే అర్థంలో ఆయనను బహరుల్ ఉలూమ్ అనేవారు. ఆయన 1810లో మద్రాసులోనే కాలధర్మం చెందారు. లక్నోలోని ఫిరంగీమహల్ పండిత వంశం ఆయనది. మన దేశపు మదరసాలలో నేటికీ చదువుతున్న దర్సె నిజామీ అనే పాఠ్యక్రమం ఆయన తండ్రి ముల్లా నిజాముద్దీన్ గారి పేరుతోనే ప్రసిద్ధమైనది.

ఇక్కడ ఒక విశేషం చెప్పక తప్పదు. తర్కంలోను, ధర్మశాస్త్రంలోను తిరుగులేని ఆ ముల్లా నిజాముద్దీన్ గారు బాంసా గ్రామానికి చెందిన సయ్యద్ షా అబ్దుర్రజ్జాక్ అనే సూఫీకి మురీదు అయ్యారు. ఆ సూఫీ గారికి చెప్పుకోదగిన శాస్త్రవిద్య లేదు. పాఠ్యక్రమాన్ని తీర్చిన పండితుడు, పెద్దగా చదువుకొనని ఒక సాధకుని ముందు శిష్యుడై కూర్చున్నాడు. కుమారుడైన బహరుల్ ఉలూమ్ గారు సైతం శాస్త్రగ్రంథాలతో ఆగక మౌలానా రూమీ గారి మస్నవీకి వ్యాఖ్య వ్రాశారు.

రెండవది సాధనా ప్రవాహం. అది 18వ శతాబ్దంలో మన అనుమసముద్రంపేట నుండే సాగినది. ఆ ఊరిని రహమతాబాద్ అని కూడ పిలుస్తారు. అక్కడి ఖ్వాజా రహమతుల్లా గారి శిష్యులలో షా రఫీయుద్దీన్ కంధారీ గారు ముఖ్యులు. ఈ కంధారు ఆఫ్ఘనిస్తానంలోనిది కాదు, నాందేడు ప్రాంతంలోనిది. అప్పుడది నిజాం రాజ్యంలో ఉండేది. ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నది. రహమతాబాదులో పొందిన ఉపదేశాన్ని రఫీయుద్దీన్ గారు తమ సీమకు తీసుకొనిపోయి అనేకులకు పంచారు. ఆ కంధారు గడ్డ మీదనే అన్వారుల్లా గారి కుటుంబం వర్ధిల్లినది.

మౌలానా అన్వారుల్లా గారు హిజ్రీ 1264లో, అంటే 1848 ప్రాంతంలో జన్మించారు. వారిది రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ గారి సంతతిగా చెప్పుకొనే ఫారూఖీ వంశం. తండ్రి షుజాయుద్దీన్ గారు ఖాజీ పదవిలో ఉండినవారు. అదే సమయంలో సూఫీ సాధకులు. కనుక న్యాయపీఠం, జపమాల ఒకే ఇంట ఉండడం ఆ బాలునికి వింతగా తోచలేదు. పదకొండవ ఏటికే ఖురానును కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యారు. తొలి ఆధ్యాత్మిక ఉపదేశం తండ్రి వద్దనే లభించినది. పిదప హైదరాబాదు చేరి, ఫిరంగీమహల్ వంశీయులైన మౌలానా అబ్దుల్ హలీమ్, ఆయన కుమారుడు మౌలానా అబ్దుల్ హయ్ గారల వద్ద ధర్మశాస్త్రం అభ్యసించారు. అబ్దుల్ హయ్ గారు ఇంచుమించు వారి యీడువారే. తనతోటి వయస్సువాని ముందు గ్రంథం తెరచి కూర్చొనడానికి ఆయన సంకోచించలేదు. యెమెన్ దేశీయులైన షేక్ అబ్దుల్లా గారి వద్ద హదీసు, ఖురాను వ్యాఖ్యానం చదివారు. ఇట్లు మేము పైన చెప్పిన రెండు ప్రవాహాలు ఈ యువకునిలో కలిసినవి.

చదువు ముగిసిన తరువాత, హిజ్రీ 1285లో వారు నిజాం ప్రభుత్వపు రెవిన్యూ శాఖలో ఉద్యోగం స్వీకరించారు. దస్త్రాలను చదివి వాటి సారాంశం వ్రాయడం వారి పని. అది గౌరవప్రదమైన కొలువు. ఏడాదిన్నర గడిచినది. ఒకనాడు వారి ముందుకు వచ్చిన దస్త్రం వడ్డీ వ్యవహారానికి సంబంధించినది. వడ్డీ తీసుకొనువానితోపాటు ఆ పత్రం వ్రాసేవాడు, సాక్షిగా నిలిచేవాడు కూడ దోషంలో భాగస్వాములేనని తెలిపే హదీసు వారు చదువుకున్నదే. ఆ హదీసు ఎరిగిన విద్యావంతులు ఊరిలో మరెందరో ఉండి ఉంటారు. అన్వారుల్లా గారు మాత్రం ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చారు. అప్పటికి వారి వయస్సు ఇరవై మూడుకు మించదు.

ఈ ఘట్టాన్ని విద్యార్థులు కొంచెం ఆగి ఆలోచించవలెనని మా మనవి. వడ్డీ నిషిద్ధమని తెలియజేసినది శాస్త్రం. ఆ శాస్త్రమే లేకుంటే, ఎంత భక్తి గల హృదయమైనా ఆ కాగితంలో తప్పును చూచి ఉండేది కాదు. కాని శాస్త్రం తెలిసినంత మాత్రాన కలము క్రింద పెట్టే బలం రాదు. తాను వ్రాయక పోతే మరొకడు వ్రాస్తాడని, కుటుంబ పోషణ కూడ ధర్మమేనని సర్ది చెప్పుకొనడానికి పండితునికి పామరునికంటె ఎక్కువ మార్గాలు తెలుసు. ఆ సర్దుబాటు చేసుకొనకుండ ఆపినది దైవభీతి. తెలివి శాస్త్రం నుండి, తెగింపు హృదయం నుండి వచ్చినవి. ఒకటి లేకుంటే రెండవది నిష్ఫలమయ్యేది.

ఉద్యోగం వదలిన పిదప వారు తమ వద్దకు వచ్చిన విద్యార్థులకు పాఠాలు చెప్పసాగారు. జీతం లేదు, రాబడి అంతంత మాత్రం. అట్టి స్థితిలోనే హిజ్రీ 1292లో, 1876 ఆరంభంలో, మిత్రుల ప్రోత్సాహంతో మదరసా నిజామియా స్థాపించారు. నేటి జామియా నిజామియా అదే. ఆరంభంలో అది దాతల చేయూత మీద నడిచినది. తరువాత సంస్థాన సహాయం లభించినది. శిబ్లీగంజిలో నేటికీ విద్యార్థులు అక్కడ చదువుకుంటున్నారు. మతవిద్య నేర్వదలచిన బీదపిల్లవాడు తిండికి, బసకు వెతుక్కొనే పని లేకుండ చదువుకొనే వీలు కల్పించడం ఆ సంస్థ ఆశయం.

మదరసా ఆరంభించిన రెండేళ్లకే, హిజ్రీ 1294లో, మౌలానా గారు హజ్ యాత్రకు బయలుదేరారు. మక్కాలో అప్పుడు హాజీ ఇమ్దాదుల్లా గారు నివసిస్తున్నారు. 1817లో జన్మించిన ఆ మహనీయుడు 1857 తిరుగుబాటు అనంతరం స్వదేశం విడిచి మక్కాలో స్థిరపడి, 1899లో అక్కడే పరమపదించారు. అన్వారుల్లా గారు ఆయన చేతిలో చేయి ఉంచి బైఅత్ చేశారు. మదరసాకు అధిపతి అయినవాడు తిరిగి శిష్యుడయ్యాడు. హాజీ గారు వారికి ఖిలాఫత్‌ను, అనగా ఇతరులకు ఉపదేశం ఇచ్చే అనుమతిని ప్రసాదించారు.

హాజీ ఇమ్దాదుల్లా గారిని గురించి మరొక్క మాట. దేవబంద్ విద్యాలయ ప్రముఖులైన మౌలానా ఖాసిం నానౌతవీ, మౌలానా రషీద్ అహ్మద్ గంగోహీ గారలు కూడ ఆయన శిష్యులే. మీలాదు సభలు, ఫాతిహా, ఉర్సుల వంటి విషయాలలో ఆ శిష్యవర్గంలోనే అభిప్రాయ భేదాలు పొడసూపినవి. హాజీ గారు వివాదాస్పదమైన ఏడు విషయాలపై ఒక చిన్న గ్రంథం వ్రాసి, ఉభయ పక్షాలవారిని సహనం వహించవలసినదిగా కోరారు. అన్వారుల్లా గారు ఈ విషయాలలో సంప్రదాయ సూఫీ ఆచారాలను సమర్థించినవారు. నేడు మన జిల్లాలో దర్గాను గురించి తగవుపడే రెండు పక్షాలవారి గురు పరంపరలు, వెనుకకు వెళ్లి చూస్తే, మక్కాలోని ఆ ఒక్క వృద్ధుని గుమ్మం వద్ద కలుసుకోవడం మనం మరువరాని సంగతి.

యాత్ర నుండి తిరిగి వచ్చిన మరుసటి యేడు వారి జీవితంలో పెద్ద మార్పు కలిగినది. హిజ్రీ 1295లో, అంటే 1878లో, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారికి వారిని గురువుగా నియమించారు. అప్పటికి నిజాం పన్నెండేళ్ల బాలుడు. గుమాస్తా కొలువును వదలుకున్నవానికి రాజగురువు పదవి వెతుక్కుంటూ వచ్చినది. కొంతకాలానికి ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారికి కూడ వారే విద్య గరపినారు. ఖాన్ బహాదుర్, ఫజీలత్ జంగ్ అనే బిరుదులు లభించినవి. అయినా దర్బారు వైభవం వారి ఇంటిలోనికి ప్రవేశించలేదని, నిరాడంబరంగా జీవించి రాబడిలో అధిక భాగం విద్యార్థులకు, గ్రంథాలకు వెచ్చించారని ప్రసిద్ధి.

హిజ్రీ 1305లో వారు మరల అరేబియాకు బయలుదేరి, మదీనా నగరంలో సుమారు మూడేళ్లు నివసించారు. ఆ నివాసం వారి స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది. మహాప్రవక్త (స) గారి సన్నిధిలో ఉండవలెననే ప్రేమ వారిని అక్కడకు చేర్చినది. అచట వారు మహాప్రవక్త ఔన్నత్యాన్ని గురించి అన్వారె అహ్మదీ అనే గ్రంథం రచించారు. దానితోపాటు ఆ నగరపు గ్రంథాలయాలలోని అపురూపమైన వ్రాతప్రతులకు నకళ్లు సిద్ధపరచుకున్నారు. అట్లు సేకరించిన వానిలో కన్జుల్ ఉమ్మాల్ అనే బృహత్తర హదీసు సంకలనం ఒకటి. దాని సంకలనకర్త 16వ శతాబ్దపు భారతీయ పండితుడైన అలీ ముత్తఖీ గారు. ప్రేమ కొద్దీ వెళ్లినవాడు వ్రాతప్రతులతో తిరిగి వచ్చాడు. ప్రార్థనకు, పరిశ్రమకు నడుమ వారికి గోడ లేదు.

ఆ నకళ్లు వృథా కాలేదు. నవాబ్ ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ గారలతో పాటు మౌలానా అన్వారుల్లా గారు కూడ స్థాపకులుగా 1888లో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఏర్పడినది. ప్రాచీన అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి ముద్రించడం దాని పని. కన్జుల్ ఉమ్మాల్ అక్కడ అచ్చయినది. దక్కను గడ్డ మీద ముద్రితమైన అరబ్బీ గ్రంథాలను అరబ్బు దేశాల పండితులు చేతికి తీసుకొని చదివారు. ఆ సంస్థ తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నెలకొన్నది.

1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గారు సింహాసనం అధిష్ఠించిన తరువాత గురువుగారిని మతవ్యవహారాల శాఖకు అధిపతిగా నియమించారు. అనంతరం ఆ శాఖకు మంత్రి స్థానం కూడ ఇచ్చారు. మసీదుల నిర్వహణ, ఖాజీల నియామకం, ధర్మాదాయాలు మాత్రమే కాక దేవాలయాల వ్యవహారాలు సైతం ఆ శాఖ పరిధిలో ఉండేవి. ఉర్సులలోను, మొహర్రం దినాలలోను ప్రవేశించిన దురాచారాలను అరికట్టడానికి వారు ఉత్తర్వులు చేయించారు. ఔలియాల దర్గాలను ప్రేమించినవారే ఆ దర్గాల వద్ద జరిగే అనుచితాలను నిషేధించారు. పరాయివాడు చేసే విమర్శ కంటె భక్తుడు చేసే సంస్కారం లోతుగా దిగుతుందని మేము భావిస్తున్నాము. దర్గాకు వెళ్లే తల్లిని వారించే కుమారుడు, ఆ తల్లికి గల ప్రేమలో కొంతైనా పంచుకున్నవాడైతే అతని మాట ఆమె చెవికి ఎక్కవచ్చు.

పగలు మంత్రిగా దస్త్రాలు చూచే ఈ పండితుడు రాత్రివేళ ఏమి చేసేవారు? మగ్రిబ్ నమాజు తరువాత ఎంచుకున్న శిష్యులను కూర్చోబెట్టుకొని రాత్రి చాలా ప్రొద్దుపోయేదాక ఫుతూహాతె మక్కియా పాఠం చెప్పేవారు. అది 1165 నుండి 1240 వరకు జీవించిన ఇబ్నె అరబీ గారి మహాగ్రంథం. సూఫీ తత్త్వానికి అది శిఖరం వంటిది. కొందరు పండితులు ఆ గ్రంథాన్ని తీవ్రంగా ఖండించగా, మరికొందరు నెత్తిన పెట్టుకున్నారు. మౌలానా గారు దానిని బజారులో వినిపించలేదు. అర్హత లేనివాని చేతికీయలేదు. ముందు షరీఅత్ విద్యలో గట్టిపడినవారికే దానిని బోధించారు. వైద్యుని బీరువాలో విలువైన మందు ఉంటుంది. దానిని దాచిపెట్టడం ఎంత తప్పో, అందరికీ పంచిపెట్టడం కూడ అంతే తప్పు.

వారి రచనలలోను ఈ సమతూకం కనిపిస్తుంది. ధర్మశాస్త్రం ఎందుకు అవసరమో, హదీసు చదివిన ప్రతివాడు స్వయంగా తీర్పు చెప్పడానికి ఎందుకు తగడో హఖీఖతుల్ ఫిఖహ్ అనే రెండు భాగాల గ్రంథంలో వివరించారు. బుద్ధికి గల పరిధిని కితాబుల్ అఖల్‌లో చర్చించారు. పదకొండు భాగాల మఖాసిదుల్ ఇస్లాం వారి రచనలలో విస్తృతమైనది. ఒక పుస్తకంలో పండితుల స్థానాన్ని నిలబెట్టిన రచయిత, మరొక పుస్తకంలో కేవల బుద్ధితో గమ్యం చేరలేమని చెప్పడం పరస్పర విరుద్ధమని తోచవచ్చు. కాని బుద్ధికి దాని చోటును చూపడమే ఈ రెండింటి ఉద్దేశం. పండితుని మాట వినుమనడం, నా బుద్ధియే చాలుననే గర్వానికి మందు. బుద్ధికి హద్దు కలదనడం, ఆ పండితునికి కలుగగల గర్వానికి మందు.

ఏ జీవితాన్నీ మచ్చలేని అద్దంగా చూపడం మా అభిమతం కాదు. రాజాశ్రయం పండితునికి ప్రమాదకరమని ఇస్లామీయ సంప్రదాయంలో పెద్దలు మొదటి నుండి హెచ్చరించారు. ఇమామ్ అబూ హనీఫా గారు ఖలీఫా ఇవ్వజూపిన న్యాయాధిపతి పదవిని నిరాకరించి చెరసాల పాలయ్యారు. అన్వారుల్లా గారు ఆ ఇమాము మార్గానుయాయులే అయినా రాజపదవిని స్వీకరించారు. వడ్డీ దస్త్రం వ్రాయనన్న మనిషి, అదే ప్రభుత్వపు మంత్రిమండలిలో ఎట్లు కూర్చున్నారని ఒక విద్యార్థి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. మాకు తోచిన సమాధానం ఇది. వారు కొలువును కొలువుగా అసహ్యించుకొనలేదు; ఆ చేతితో చేయవలసిన పని ధర్మమా, అధర్మమా అన్నదే చూచారు. మొదటి కొలువు నిషిద్ధమైన పనిని చేయమన్నది. రెండవది మసీదులను, మదరసాలను చక్కదిద్దే అవకాశం ఇచ్చినది. అయినా ప్రభువుల ఉత్తర్వుతో వచ్చే సంస్కారానికి ప్రభువుల ఆయువే ఆయువు. 1948తో నిజాం ప్రభుత్వం అంతరించినది. మంత్రి పదవి నుండి చేసినదాని కంటె, చేతిలో పైసా లేనినాడు మొదలుపెట్టిన పాఠశాలే ఎక్కువకాలం నిలిచినది.

ఈ సందర్భంలో ఇమామ్ గజాలీ గారు స్మరణకు రాక మానరు. 1058లో తూస్ నగరంలో జన్మించి, బాగ్దాదు నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్యుడై కీర్తి శిఖరాన ఉండగా, తన బోధన దైవం కొరకా, పేరు కొరకా అన్న సందేహం ఆయనను పట్టి కుదిపినది. 1095లో ఆయన ఆ పీఠాన్ని విడిచి డమాస్కసు, జెరూసలేము, మక్కాలకు వెళ్లి సంవత్సరాల తరబడి ఏకాంత సాధన చేశారు. 1111లో మరణించడానికి కొన్నేళ్ల ముందు తిరిగి బోధనకు వచ్చారు. గజాలీ గారు పీఠం విడిచి హృదయాన్ని వెతుక్కున్నారు. అన్వారుల్లా గారు యౌవనంలోనే ఒక కుర్చీని విడిచి, ఆ పరీక్షలో నెగ్గిన తరువాత పీఠాలను అధిష్ఠించారు. క్రమం వేరైనా ఇద్దరూ తమను తామే మొదట ప్రశ్నించుకున్నారు.

మౌలానా అన్వారుల్లా ఫారూఖీ గారు హిజ్రీ 1336లో, అంటే 1918లో పరమపదించారు. తాము స్థాపించిన జామియా నిజామియా ప్రాంగణంలోనే వారిని ఖననం చేశారు. వారి శిష్యులను చూచినా వారి మార్గం తెలుస్తుంది. 1964లో దివంగతులైన హజ్రత్ అబ్దుల్లా షా నక్ష్‌బందీ గారు వేలాదిమందికి ఆధ్యాత్మిక గురువు. అయినా హనఫీ ధర్మశాస్త్రానికి ఆధారమైన హదీసులను కూర్చి జుజాజతుల్ మసాబీహ్ అనే అరబ్బీ గ్రంథాన్ని రచించారు. 1975లో దివంగతులైన మౌలానా అబుల్ వఫా అఫ్గానీ గారు ఆ విద్యాలయంలో చదివి, హనఫీ పూర్వాచార్యుల గ్రంథాలను వెలికితీసి పరిష్కరించడంలో జీవితం గడిపారు. ఒకరిని సూఫీ అని, మరొకరిని పండితుడని పిలవడం మన సౌకర్యం కొరకే.

ఈ జీవితాన్ని మేము ముగ్గురు నలుగురు విద్యార్థులకు చెప్పినప్పుడు, అట్లయితే వడ్డీ కాగితం చూచిన ప్రతివాడు ఉద్యోగం మానుకోవలెనా అని వారు అడిగారు. మేము ఎవరికీ ఫత్వా ఇవ్వగలవారము కాము. మౌలానా గారి రాజీనామాను అందరూ అనుకరించవలెనని చెప్పడం కూడ మా ఉద్దేశం కాదు. తరగతి గదిలో చదివిన వాక్యం ఒకనాడు మన బల్ల మీదకు దస్త్రమై వస్తుందని, ఆనాడు మనం దానిని గుర్తుపట్టవలెనని మాత్రమే మా మనవి. గుర్తుపట్టడానికి గురువు కావలెను. గుర్తుపట్టిన తరువాత చేయవలసినది మనమే.

ఇళ్లలోని తగవును గురించి కూడ ఒక మాట. మదరసాలో చదివిన కుమారుడు ఈసారి తల్లితో కలిసి అనుమసముద్రంపేటకు వెళ్లవచ్చు. ఆ దర్గాలో నిద్రిస్తున్న ఖ్వాజా గారి ఉపదేశం కంధారు దాకా పోయినదని, ఆ గడ్డపై పెరిగిన ఒక పండితుడు మసీదుకు, దర్గాకు ఇద్దరికీ చెందినవాడై జీవించాడని ఆమెకు దారిలో చెప్పవచ్చు. దర్గా వద్ద ఏది తగునో, ఏది తగదో అప్పుడు చెబితే ఆ తల్లి వినిపించుకుంటుంది. పీర్ గారి మాట చాలునన్న తండ్రికి, ఆ పీర్ల పీర్లు ధర్మశాస్త్ర గ్రంథాలను ముందు పెట్టుకొని రాత్రులు గడిపారని చెప్పవచ్చు.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం. మౌలానా గారి రచనలలో అధిక భాగం ఉర్దూలో ఉన్నవి. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు చదివేవారు ఒకే వరండాలో తిరుగుతారు. కాని ఒకరి పుస్తకాలు ఇంకొకరికి అందవు. వారి గ్రంథాలను మన గ్రంథాలయానికి తెప్పించి, రెండు విభాగాల విద్యార్థులు కలిసి అందులో కొన్ని అధ్యాయాలనైనా తెలుగులోనికి తెచ్చే ఏర్పాటు చేయవలసినదిగా ప్రార్థిస్తున్నాము. అట్టి పనికి మావంతు శ్రమ చేయడానికి మేము సిద్ధంగా ఉన్నాము.